ప్రైమర్ మీద పిన్ను గుంత చుట్టూ గట్టు లేస్తంది, తూటాలో మందు తగ్గించినా పోవట్లేదు

పర్లాకిమిడి_బుల్లోడు:
అందరికీ నమస్కారం. మన బోర్డర్ జిల్లాల గ్రూపులో రైలు టైమింగులు, పెళ్ళి సంబంధాలు తప్ప ఇలాంటివి ఎవరూ అడగరని తెలుసు గానీ బయట ఎక్కడ అడిగినా పది మంది పదకొండు మాటలు చెప్తన్నారు, మనవాళ్ళలో లేత్ తెలిసినోళ్ళు ఉన్నారు, ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో చేసినోళ్ళు ఉన్నారు కదా అని ఇక్కడ పెడతన్నాను. నేనుండేది ఫీనిక్స్‌లో, చెల్లి పెళ్ళికని వొచ్చి ఇప్పుడు పర్లాకిమిడిలో ఇంటికాడ ఉన్నాను. గ్రీన్ కార్డు వొచ్చాక 6.5 క్రీడ్‌మోర్ అనే తూటా పట్టే బోల్ట్ రైఫిల్ (ఎనకాల బోల్టు చేత్తో లాగి తూటా పెట్టేది) ఒకటి కొన్నాను, కాయితం మీద గురి కొట్టడానికే, వేటా గీటా ఏం లేదు. రెండేళ్ళ నుంచి తూటాలు సొంతంగా లోడ్ చేసుకుంటన్నాను, అక్కడ అది మామూలే.

సంగతేటంటే పేల్చాక ప్రైమర్ (తూటా అడుగున పిన్ను కొడితే మంట పుట్టించే చిన్న కప్పు) చూస్తే పిన్ను కొట్టిన గుంత చుట్టూ చిన్న గట్టు లేస్తంది, గోరు పెట్టి గీస్తే టక్కున తగుల్తంది. దీన్నే క్రేటరింగ్ అంటారట, ప్రెషర్ ఎక్కువైనప్పుడు వొస్తదని అందరూ భయపెట్టారు. సరే కదా అని మందు తగ్గించాను. గట్టు ఉంది. మళ్ళీ తగ్గించాను. ఉంది. మూడోసారి పుస్తకంలో మొదలెట్టమన్న కొలతకి దిగిపోయాను, అప్పుడూ ఉంది, కొంచెం తక్కువ అంతే. పాత బ్రాస్ (తూటా ఇత్తడి కేసు)తో ఇంత లేదు, ఈ ఏడాది లాపువా కంపెనీ బ్రాస్‌కి మారాను, అప్పటి నుంచే ఇది. ఫొటోలు పెడతన్నాను, పన్నెండు కేసులు వరసగా.

మోడరేటర్:
చర్చ ఉంచుతున్నాం, రెండు షరతులు. ఎన్ని గ్రెయిన్ల (తూకం కొలత) మందు అనే అంకె ఇక్కడ ఎవరూ రాయొద్దు, ఒకరి రైఫిల్‌కి సరిపోయింది ఇంకొకరి చెయ్యి తీసేస్తుంది, ఆ అంకెలు పుస్తకంలోనే చూసుకోవాలి. ఇక రెండోది, మన దేశంలో 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 కింద లైసెన్స్ లేకుండా తూటా తయారుచెయ్యడం నేరం, "ఇంట్లో సరదాగా" అన్నా అంతే. కాబట్టి ఇది చదివి ఇక్కడెవరూ మొదలెట్టకండి.

రాయగడ_రేంజ్:
ఫొటో చూసాను. ఇందులో ఆలోచించడానికి ఏముంది బ్రో, క్రేటర్ అంటే ఓవర్ ప్రెషర్, ఏ లోడింగ్ గైడ్ తీసినా మొదటి పేజీలో ఉంటాది. మిగిలిన తూటాలన్నీ విప్పేసి పక్కన పెట్టు. ప్రాణం కన్నా గురి ఎక్కువ కాదు.

గుణుపూర్_లేత్:
ఒరే బుల్లోడా, నాకు తుపాకీలు తెలీవు గానీ లోహం తెలుసు, ముప్పయ్యేళ్ళ నుంచి లేత్ మీదే బతుకు. నువ్వు చెప్పింది సదివితే నాకొకటే తోస్తంది. జంతికల గొట్టంలో పిండేసి నొక్కితే పిండి ఎక్కడి నుంచి వొస్తది, సిల్లున్న కాడి నుంచే కదా. ఆ ప్రైమర్ కప్పు మెత్తటి రేకు, లోపల్నుంచి గ్యాస్ తోస్తంది, ఎనకాల బోల్టు మొహం అడ్డంగా ఉంది కాబట్టి ఆగతంది. కానీ పిన్ను వొచ్చే సిల్లు ఉంది సూడు, దాని దగ్గర అడ్డం లేదు. పిన్నుకీ సిల్లుకీ మధ్య సందు ఎక్కువుంటే ఆ సందులోకి రేకు పొంగుతాది. నువ్వు తోపుడు తగ్గించుకుంటా పోయినా సందు సందే కదా. ముందు ఆ సిల్లు సైజు, పిన్ను సైజు ఎంతో సెప్పు.

రాయగడ_రేంజ్:
లోహం తెలిస్తే చాలదు మాస్టారూ, సామి లెక్క 62,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాటితే ఏమవుద్దో తెలుసా.

బరంపురం_పది_మీటర్లు:
సామి ఎవరండీ 😅 నేను ఎయిర్ రైఫిల్ షూటర్ని, మాకు పెల్లెట్ తప్ప మందు వాసన తెలీదు.

పర్లాకిమిడి_బుల్లోడు:
సామి అంటే దేవుడు కాదమ్మా, అమెరికాలో ఏ తూటాకి ఎంత కొలత, ఎంత ప్రెషర్ అని నిర్ణయించే సంస్థ పేరు, వాళ్ళ అక్షరాలు కలిపితే అలా పలుకుద్ది. క్రీడ్‌మోర్‌కి వాళ్ళు పెట్టిన హద్దు 62,000 పీఎస్ఐ, .308కీ అదే. .223కి 55,000.

చందా_కాక:
బిడ్డా, నాది సిరొంచ, కొలువు చేసింది భద్రావతిల చందా ఫ్యాక్టరీ. మేం నింపింది పెద్ద గుండ్లు, నీ చిన్న తూటాలు గాదు, గది ముందుగాల చెప్తున్న. కానీ ప్రెషర్ కొలుచుడు అంటే ఏందో నాకు ఎరుకే. పాత పద్ధతిల గొట్టానికి బెజ్జం కొట్టి పిస్టన్ పెట్టి దాని మీద రాగి ముక్క పెడుతుండె, పేల్చినంక ఆ రాగి ఎంత నలిగిందో మైక్రోమీటర్ తోని చూసి లెక్క కడుతుండె. ఇప్పుడు పీజో క్రిస్టల్ పెడుతున్నరు. గందుకే .308కి పాత పుస్తకంల 52,000 అని ఉంటది, కొత్తదాంట్ల 62,000 ఉంటది, రెండు ఒక్కటే ప్రెషర్, కొలిచిన తీరు వేరే. గది తెల్వక పాత అంకె కొత్త అంకె పక్కపక్కకు పెట్టి కొట్లాడేటోళ్ళను మస్తు మందిని చూసిన.

ఇంత మిషిని పెట్టి కొలిచే దాన్ని ప్రైమర్ మొకం చూసి చెప్తా అనేటోడు చెయ్యి చూసి జాతకం చెప్పేటోని లెక్కనే. ఒక్క గుర్తు తోని ఏం తేలది. బోల్టు లేపుతుంటే గట్టిగ వస్తున్నదా? కేసు అడుగున ఎజెక్టర్ (ఖాళీ కేసును బయటికి తోసేది) బెజ్జం మచ్చ మెరుస్తున్నదా? ప్రైమర్ అంచు గుండ్రంగ ఉన్నదా, చపాతి లెక్క పరుచుకున్నదా? మళ్ళ ప్రైమర్ కూర్చోబెడుతుంటే పాకెట్, అంటే అది కూసునే గుంత, వదులైతున్నదా? స్పీడ్ ఎంత? గివన్ని చెప్పు.

పర్లాకిమిడి_బుల్లోడు:
కాకా దండాలు. బోల్టు మామూలుగానే లేస్తంది. ప్రైమర్ అంచులు గుండ్రంగానే ఉన్నాయి. పాకెట్లు టైటుగానే ఉన్నాయి. స్పీడు క్రోనో (వేగం కొలిచే మిషను) మీద సగటు 2,690 ఎఫ్‌పీఎస్ (సెకనుకి అడుగులు), 140 గ్రెయిన్ బుల్లెట్, 24 అంగుళాల గొట్టం. హార్నడీ కంపెనీ నింపి అమ్మే 140 మ్యాచ్ తూటా డబ్బా మీదే 2,710 అని ఉంటాది కాబట్టి నాది దాటలేదు. డబ్బా తూటా కూడా కాల్చి చూసాను, గట్టు దానికీ ఉంది గానీ తక్కువ.

రూమ్మేట్‌ని కూడా పిలుస్తన్నాను, రైఫిల్ సేఫ్‌లో ఉంది, వాడు కొలుస్తాడు. వాడిది ధర్మాబాద్, మన బోర్డరే, అటు వైపు.

రాయగడ_రేంజ్:
డబ్బా తూటాకీ క్రేటర్ వొస్తే అది వేరే సంగతి, ఒప్పుకుంటాను. కానీ ఫొటోలో ఎడం నుంచి తొమ్మిదో కేసు, పదకొండో కేసు జూమ్ చేసి చూడండి. హెడ్ స్టాంపు అక్షరాల మీద సగం చందమామలా మెరుపు ఉంది. అది ఎజెక్టర్ మార్కు కాదని ఎవరైనా చెప్పండి.

చందా_కాక:
ఉన్నది. నేను పొద్దుగాల చూస్తే కనవడలే, నా మనుమరాలు ఫోన్ పెద్దగ చేసి చూపిచ్చింది. రాయగడ తమ్ముడు మాట కరెక్టే. ఆ రెంటి సంగతి వేరే, గట్టు సంగతి వేరే. కలిపి చూసి తికమక పడుతున్నం.

గుణుపూర్_లేత్:
ఇప్పుడు దారికొచ్చింది.

ధర్మాబాద్_నవీన్:
నమస్తే అందరికి. నేనే ఆ రూమ్మేట్. వీడు పెండ్లి భోజనాలు తింటుండు, నేను గీడ రాత్రి పదకొండుకి బోల్టు విప్పుకుంట కూసున్న. ముందుగాల తూటా లేదని రెండుసార్లు చూసిన, ఎవ్వలు తిట్టకుండ్రి.

పిన్ను కాలిపర్ తోని కొలిస్తే 74 థౌ (అంగుళంల వెయ్యో వంతులు) వచ్చింది. బెజ్జానికి పిన్ గేజులు లేవు, లేత్ అంకుల్ సైజు అడిగిండు గదా అని నంబర్ డ్రిల్ బిట్ల కాడ, అంటే వెనుక నున్నటి భాగం, పెట్టి చూసిన. 48 నంబర్ బిట్, 76 థౌ, వదులుగ పోయింది. 47ది 78.5 థౌ, అది గూడ పోయింది. 46ది 81 థౌ, అది పోలే.

గుణుపూర్_లేత్:
అంటే సిల్లు 78.5కీ 81కీ మధ్యన. పిన్ను 74. తక్కువలో తక్కువ నాలుగున్నర థౌ ఆడతంది. రెండు థౌ ఉంటే ఒప్పుకుంటాను గానీ ఇదేటి ఇంత. సిల్లు అంచు నున్నగా పదునుగా ఉందా, లేకపోతే గరాటు లాగ కోసినట్టు ఉందా సూడు నాయినా. అంచు కొట్టేసి ఉంటే ఇంకా ఎక్కువ పొంగుతాది.

ధర్మాబాద్_నవీన్:
జెర కోసినట్టే ఉంది అంకుల్, ఫ్లాష్ లైట్ పెడితే అంచుకి సన్నటి మెరుపు కనవడుతుంది. ఇంకోటి. పిన్ను బయటకు తీసి బోల్టు తలకిందులు చేసి టేబుల్ మీద కొట్టిన, ఒక గుండ్రటి బిళ్ళ పడింది. సూది మొన మీద పట్టేంత. రాగి రంగు. గిదేంది? లోపల గ్రీజు గూడ తేనె పాకం లెక్క గడ్డకట్టింది.

చందా_కాక:
ఆ బిళ్ళను పారెయ్యకు. బుల్లోడా, నీ ప్రైమర్ ఒకటి ఎప్పుడో తెగింది, నువ్వు చూడలే. గట్టు లేచి లేచి చివరికి పిన్ను అంత బిళ్ళ కత్తెరేసినట్టు తెగి వెనుకకు పోతది, బెజ్జంల కూసుంటది. తెగినప్పుడు గ్యాస్ బోల్టు లోపలికెళ్ళి వెనుకకు తన్నుతది. కంటికి అద్దాలు పెట్టుకున్నవా?

పర్లాకిమిడి_బుల్లోడు:
పెట్టుకుంటాను కాకా ఎప్పుడూ. ఇది చదివాక ఒళ్ళు జలదరించింది. ఆ కేసు ఎక్కడో డబ్బాలో ఉండే ఉంటాది, నవీన్ చూడరా. పిన్ను గుంతలో నల్లటి చిల్లు ఉంటాది.

బరంపురం_పది_మీటర్లు:
అర్థం కాక అడుగుతున్నాను, బ్రాస్ మారిస్తే ఇది ఎందుకు మొదలైంది? చిల్లు ముందు నుంచీ అంతే ఉంది కదా అండి.

పర్లాకిమిడి_బుల్లోడు:
భలే అడిగావు, ఇది నేనే ముందు చెప్పాల్సింది, నాకు తట్టలేదు. మామూలు క్రీడ్‌మోర్ బ్రాస్‌లో పెద్ద రైఫిల్ ప్రైమర్ పడుద్ది. లాపువా వాళ్ళు దీనికి చిన్న రైఫిల్ ప్రైమర్ పాకెట్ పెట్టారు. పాకెట్ చుట్టూ ఇత్తడి ఎక్కువ మిగుల్తది కాబట్టి ఎక్కువ సార్లు వాడొచ్చని అందరూ అదే కొంటారు, నేనూ అందుకే కొన్నాను.

చందా_కాక:
గదే అసలు కారణం. పెద్ద ప్రైమర్ రేకు మందం ఎక్కువ, సుమారు 27 థౌ. చిన్నదాంట్ల రెండు రకాలున్నయి. సీసీఐ కంపెనీవే తీసుకో, 400 నంబర్ రేకు 20 థౌ, 450ది, బీఆర్4ది 25 థౌ. 400 చెడ్డదని గాదు, తక్కువ ప్రెషర్ తూటాలకు అదే సరిపోతది. నువ్వు ఏది పెట్టినవ్?

పర్లాకిమిడి_బుల్లోడు:
పలచటిదే కాకా 😐 బ్రాండు చెప్పను గానీ 20 థౌ రకమే. షాపులో మందంవి లేవు, 2020 తర్వాత ప్రైమర్లు దొరక్క నానా అవస్థ పడ్డాం, అప్పటి నుంచి ఏది కనిపిస్తే అది వెయ్యి చొప్పున కొని దాచుకోవడం అలవాటైపోయింది. అమ్మ బెల్లం అచ్చులు దాచినట్టు.

గుణుపూర్_లేత్:
పలచ రేకు, పెద్ద సిల్లు, గడ్డకట్టిన గ్రీజు. ఇంకేటి కావాలి. గ్రీజు ఎందుకన్నానంటే పిన్ను ఎనకాల స్ప్రింగు గట్టిగా నొక్కి పట్టుకోవాలి, లోపల్నుంచి ప్రెషర్ కొట్టినప్పుడు పిన్ను ఎనక్కి జరిగితే రేకు దాని ఎంటే పోద్ది. గ్రీజు, బిళ్ళ అడ్డం ఉంటే పిన్ను పూర్తిగా ముందుకి రాదు. స్ప్రింగు పాతదైతే అది కూడా మార్పించు.

ధర్మాబాద్_నవీన్:
పిన్ను ఎంత బయటికి రావాలె?

చందా_కాక:
మామూలుగ 55 నుంచి 60 థౌ దాక ఉంటది బోల్టు మొకం నుంచి. సాఫ్ చేసినంక కొలువు. మొన గూడ చూడు, గుండ్రంగ ఉన్నదా, గ్యాస్‌కు కాలి గుంతలు పడ్డయా. గుంతలు పడితే ఆ పిన్ను పనికిరాదు, మళ్ళ ప్రైమర్ చింపుతది.

రాయగడ_రేంజ్:
అందరూ గట్టు సంగతి తేల్చేసి చప్పట్లు కొట్టుకుంటున్నారు, నా రెండు కేసుల సంగతి అడిగేవాడే లేడు.

పర్లాకిమిడి_బుల్లోడు:
లేదు బ్రో, దాని మీదే కూర్చున్నాను రాత్రంతా, ఇంటి నిండా చుట్టాలు, మేడ మీదకెళ్ళి దోమలతో ఫోన్‌లో పాత నోట్స్ తిరగేసాను. అవి రెండూ జూలైలో కాల్చినవి. ఆ రోజు ఫీనిక్స్‌లో 45 డిగ్రీలు, తూటాల డబ్బా కారు సీటు మీద గంటన్నర పడుంది. పైగా గొట్టం కాలిపోతంటే తూటా లోపల పెట్టి గాలి తగ్గేదాకా ఆగాను, రెండు నిమిషాలైనా ఆగుంటాను. క్రోనోలో ఆ రెంటి స్పీడు 2,748, 2,755. మిగతా పదీ 2,690 చుట్టుపక్కలే. లోడ్ తయారుచేసింది ఫిబ్రవరి చలిలో. హెచ్4350 అనే మందు దొరక్క ఒక బాల్ పౌడర్ (గుండ్రటి గింజల మందు) వాడాను.

చందా_కాక:
అగో. మందు ఎండల కాగితే ప్రెషర్ పెరుగుతది బిడ్డా, మందంటే నేను చెప్పేది తుపాకి మందు. బాల్ పౌడర్లకు ఆ గుణం జెర ఎక్కువ, హెచ్4350 అసొంటివి వేడికి మారకుంట చేసినవి. చంద్రాపూర్‌ల మే నెల 47 డిగ్రీల ఎండల ఇనుప రేకుల షెడ్డు పక్కన నిలబడ్డోన్ని, నాకు చెప్పాల్నా. మాకు మందు గదుల థర్మామీటర్ చూడకుంట పని మొదలు పెట్టనియ్యకపోదురు.

రాయగడ_రేంజ్:
స్పీడు 60 పెరిగింది. అది చాలు నాకు. సగటు చూసి "డబ్బా అంకె దాటలేదు" అన్నావు గానీ విడివిడిగా చూస్తే దాటింది.

పర్లాకిమిడి_బుల్లోడు:
నిజమే, సగటు నన్ను మోసం చేసింది. దండం పెడతన్నాను బ్రో.

ధర్మాబాద్_నవీన్:
తెగిన కేసు దొరికింది, గుంత నడుమ నల్లటి బొక్క, పాత డబ్బాల ఉండె. ఇంకా మచ్చలున్న ఆ రెండు కేసుల పొడవు కొలిచిన. ఒకటి 1.923 అంగుళాలు, ఇంకోటి 1.925. మిగిలినవి 1.912, 1.914 గట్ల ఉన్నయి. వీడు ట్రిమ్ చెయ్యనివి, అంటే పొడవు కోసి సరిచెయ్యనివి, కలిపేసిండు.

రాయగడ_రేంజ్:
1.920 దాటకూడదు క్రీడ్‌మోర్‌కి! మెడ పొడవైతే చాంబర్ (తూటా కూర్చునే గది) చివర ఇరుక్కుని బుల్లెట్‌ని గట్టిగా పట్టేస్తుంది, వదలాల్సిన టైముకి వదలదు, ప్రెషర్ ఎగురుద్ది. ఎండ ఒకటి, పొడవు ఒకటి, రెండూ కలిసాయి.

గుణుపూర్_లేత్:
ఇంతకీ మందు తగ్గించి తగ్గించి సంవత్సరం అంతా పారేసావు, కొలిస్తే పూటలో తేలింది. కుర్రోళ్ళకి కాలిపర్ కొనిస్తే డబ్బాలోంచి తియ్యరు. మా షాపులోనూ అంతే.

బరంపురం_పది_మీటర్లు:
మరి ఇప్పుడు ఏం చేస్తారు అండి? చిల్లు చిన్నది చెయ్యగలరా?

గుణుపూర్_లేత్:
సిల్లు సిన్నది అవదమ్మా, పెద్దది కోసి బుష్ (సిన్న గొట్టం లాంటి ముక్క) ఏసి మళ్ళీ సిన్న సిల్లు పెట్టాల. పిన్ను మొన కూడా తిప్పి సన్నం చెయ్యాల. నేను సెయ్యగలను, కానీ తుపాకీ పని లైసెన్స్ ఉన్నోడే సెయ్యాల, బోల్టు వేడి సెయ్యకూడదు, గట్టిదనం పోద్ది.

పర్లాకిమిడి_బుల్లోడు:
అక్కడ ఇది మామూలుగా చేసే పనే, పిన్ను 62 నుంచి 65 థౌ దగ్గరికి తిప్పి బుష్ వేస్తారు. నవీన్, రేపు పొద్దున్నే ఫోన్ చెయ్యరా గన్‌స్మిత్‌కి. మందం రేకు ప్రైమర్లు కూడా చూడు. కాకా, 450కి మారితే మందు అంతే ఉంచొచ్చా?

చందా_కాక:
అస్సలు వద్దు. 450 మాగ్నమ్ ప్రైమర్, మంట ఎక్కువ. ప్రైమర్ మారినా, బ్రాస్ మారినా, బుల్లెట్ మారినా కిందికి దిగి మెల్లగ ఎక్కాలె. బీఆర్4 దొరికితే రేకు మందమే, మంట మామూలే.

ధర్మాబాద్_నవీన్:
గన్‌స్మిత్ లైన్ ఆరు వారాలంటుండు, బోల్టు ఒక్కటి పోస్టుల పంపితే చాలట. మిగిలిన నలభై మూడు తూటాలు, తూటాలు విప్పేటందుకే ఉండే సుత్తి తోని విప్పుతున్న, ఇప్పటికి పందొమ్మిది అయినయి, కింద ఫ్లోరోడు రెండుసార్లు తలుపు కొట్టిండు. విప్పినంక ప్రైమర్ ఉన్న కేసులు ఏం చెయ్యాలె? వెనుకకు గుద్ది తీస్తే పేలుతదా?

చందా_కాక:
గుద్దకు. అట్లనే ఉంచి డబ్బా మీద రాసి పెట్టు. బుష్ వేసినంక బోల్టు వస్తది గదా, అప్పుడు తక్కువ లోడుకు వాడుకుంటరు, లేకుంటే ఒట్టి కేసు ప్రైమర్ మాత్రమే కాల్చి పారేసుకుంటరు.

గుణుపూర్_లేత్:
బోల్టు వొచ్చాక ఆ సిల్లు ఫొటో పెట్టండి, బుష్ జాయింటు కనిపించకుండా సేసాడా లేదా సూడాలని ఉంది. ఆ ఆరు వారాల్లో బుల్లోడు గుణుపూర్ వొస్తే షాపుకి రమ్మనండి, కాలిపర్ పట్టుకోడం నేర్పుతాను.

పర్లాకిమిడి_బుల్లోడు:
రేపు ప్యాసింజర్‌కే వొస్తన్నాను బాబాయ్, పెళ్ళి లడ్డూలు కూడా తెస్తాను.